ప్యాకెట్ బ్రెడ్డు వీగన్లకు నడుస్తుందా? అరలో ఉన్న రకాలు, వెనక ఉన్న నంబర్లు

ముందే తేల్చి చెబితే సగం మందికి పని అయిపోతుంది. మన ఊళ్లలో కిరాణా కొట్టులోనో సూపర్ మార్కెట్లోనో దొరికే పచ్చ చుక్క బ్రెడ్డులో వీగన్లకు, అంటే పాలు, తేనెతో సహా జంతువుల నుంచి వచ్చేదేదీ తిననివాళ్లకు, అడ్డొచ్చేది 471, 481 లాంటి అడిటివ్ (మెత్తదనానికో నిల్వకో కలిపే పదార్థం) నంబర్లు కాదు, పాలపొడి. నంబర్లు చూసి గాభరాపడి ప్యాకెట్ మళ్లీ అరలో పెట్టేసేవాళ్లున్నారు. నంబర్లన్నీ ఫోన్‌లో వెతికి, అన్నీ బాగానే ఉన్నాయనుకుని, అదే జాబితాలో వాటికి కాస్త ముందున్న ‘మిల్క్ సాలిడ్స్’ చదవకుండా కొనుక్కెళ్లేవాళ్లూ ఉన్నారు. ఈ రెండో పొరపాటే పెద్దది.

ఈ రివ్యూలో బ్రాండ్ల పేర్లు ఉండవు. కంపెనీలు ఫార్ములాలు మారుస్తూనే ఉంటాయి. ఈరోజు ‘ఫలానా కంపెనీ బ్రెడ్డు వీగన్’ అని రాసిపెడితే, ఆరునెలల తర్వాత అది చదివి కొన్నవాళ్లు మోసపోతారు. అందుకే అరలో కనిపించే రకాలను, వాటిలో పడే పదార్థాలను పట్టుకుని చూస్తున్నాం.

పచ్చ చుక్క ఎంతవరకు కాపాడుతుంది

మన చట్టం ప్రకారం జంతువు, పక్షి, చేప శరీరంలోని ఏ భాగమున్నా, గుడ్డు ఉన్నా, జంతువు నుంచి తీసిన ఏ పదార్థమున్నా అది నాన్‌వెజ్. కాకపోతే ఆ నిర్వచనంలోనే మినహాయింపులు రాసిపెట్టారు: పాలు, పాల పదార్థాలు, తేనె, తేనెమైనం, లక్క నుంచి తీసే షెల్లాక్. అంటే గొడ్డు కొవ్వుతో చేసిన ఎమల్సిఫైయర్‌కు (నూనెనూ నీళ్లనూ కలిపి ఉంచే పదార్థానికి) పచ్చ చుక్క ప్యాకెట్‌లో చోటు లేదు. పాలపొడి, వెన్న, తేనె మాత్రం దర్జాగా ఉండొచ్చు. వీగన్ చూసుకోవాల్సిందల్లా ఈ మినహాయింపుల్లోనే ఉంది.

‘నంబరు వెనక ఏం దాచారో ఎవరికి తెలుసు’ అనే అనుమానం ఊరికే పుట్టింది కాదు. 2021 డిసెంబర్‌లో ఢిల్లీ హైకోర్టు సరిగ్గా ఈ విషయమే పట్టుకుంది. పదార్థం పేరో కోడో రాసి ఊరుకుంటే చాలదు, అది మొక్క నుంచి వచ్చిందా, జంతువు నుంచి వచ్చిందా, ల్యాబ్‌లో తయారైందా అన్నదీ చెప్పాలని ఆదేశించింది. ఆ తీర్పులో ఉదాహరణగా వచ్చింది 631, డైసోడియం ఇనోసినేట్. అది మాంసం నుంచో చేపల నుంచో కూడా తీయగలిగేది. సాదా బ్రెడ్డులో 631 ఉండదు కానీ గార్లిక్ బ్రెడ్ మసాలాలోనూ, మసాలా చల్లిన క్రూటాన్లలోనూ (కరకరలాడే చిన్న బ్రెడ్డు ముక్కల్లోనూ) కనిపిస్తుంది. తీర్పు తర్వాత దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ కూడా తయారీదారులకు ఆదేశం పంపింది. కొన్ని ప్యాకెట్ల మీద ఎమల్సిఫైయర్ పక్కన ‘వెజిటబుల్ ఆరిజిన్’ అని కనిపిస్తే అది వీగన్‌కు పనికొచ్చే మాటే.

2022లో వీగన్ ఆహారానికి విడిగా నిబంధనలు వచ్చాయి. ఆకుతో కూడిన ‘వి’ అక్షరం ఉన్న పచ్చ ముద్ర దానిదే. ఈ నిబంధనల బలం ఏమిటంటే, అవి పదార్థాల జాబితాతో ఆగవు. అడిటివ్‌లు, ఫ్లేవర్లు, ఎంజైములు, వాటిని కలిపే క్యారియర్లు, చివరికి తయారీలో వాడి తీసేసే ప్రాసెసింగ్ ఎయిడ్లు కూడా జంతు సంబంధం లేనివై ఉండాలి. బ్రెడ్డు ప్యాకెట్ల మీద ఈ ముద్ర అరుదు. అనుమతి తీసుకుని వేయించుకోవాల్సినది కాబట్టి, ముద్ర లేనంత మాత్రాన బ్రెడ్డు వీగన్ కాదని కాదు. ఉంటే మాత్రం ఇక్కడే చదవడం ఆపేసి కొనుక్కోవచ్చు.

నంబర్లు

ఎమల్సిఫైయర్లతో మొదలుపెడదాం, అందరి భయమూ వాటి మీదే కాబట్టి. 471 అంటే మోనో, డైగ్లిజరైడ్లు. నూనెను లేదా కొవ్వును గ్లిజరిన్‌తో కలిపి బాగా వేడిచేస్తే వచ్చేవి. బ్రెడ్డులో ఇవి పిండిపదార్థంతో జతకట్టి, అది మళ్లీ గట్టిపడకుండా ఆపుతాయి. మూడో రోజు కూడా ముక్క మెత్తగా మడత పడుతోందంటే దీని పుణ్యమే. మామూలుగా పిండి బరువులో ఒక శాతం లోపే వేస్తారు. ముడిసరుకు కొవ్వు పామాయిల్ కావచ్చు, గొడ్డు కొవ్వో పంది కొవ్వో కూడా కావచ్చు. చివరికి వచ్చే పదార్థాన్ని చూసి ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పలేం, ఒకే నంబరు. ఇక్కడ పచ్చ చుక్క ఉంటే అది మొక్క నూనెదే అయి ఉండాలి. మన దగ్గర ఎక్కువగా పామాయిలే. పామాయిల్ కోసం అడవులు నరకడాన్ని వ్యతిరేకించేవాళ్లకు అది వేరే లెక్క.

472ఇ, బేకరీ వాళ్లు డేటెం అనేది, 471కి అన్నలాంటిది. దానికి టార్టారిక్ ఆమ్లం, ఎసిటిక్ ఆమ్లం తగిలిస్తే వస్తుంది. గ్లూటెన్‌కు (గోధుమలోని సాగే ప్రోటీన్‌కు) బలమిచ్చి బ్రెడ్డు ఎత్తు పెంచుతుంది. ఇందులోనూ ప్రశ్న కొవ్వు గురించే, జవాబూ అదే.

481 దగ్గర చాలామంది తడబడతారు. సోడియం స్టియరాయిల్ ల్యాక్టిలేట్ అన్న పేరులో ‘ల్యాక్ట్’ చూసి పాలనుకుంటారు. పాలతో సంబంధం లేదు. ఇందులోని ల్యాక్టిక్ ఆమ్లం చెరకు చక్కెరనో మొక్కజొన్న చక్కెరనో బ్యాక్టీరియాతో పులియబెట్టి తీసేది. 270, 327, 482 కూడా ఇదే కోవ. పాల అలర్జీ ఉన్నవాళ్ల జాబితాల్లో కూడా వీటిని అనవసరంగా కలిపేస్తుంటారు. 481లో అసలు ప్రశ్న స్టియరిక్ ఆమ్లం గురించి. అదీ మళ్లీ పామాయిలా జంతు కొవ్వా అన్నదే. 322 లెసిథిన్ అయితే సోయా లేదా పొద్దుతిరుగుడు. గుడ్డు నుంచి తీసింది వాడితే పచ్చ చుక్క పోతుంది.

ప్రిజర్వేటివ్‌ల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 282 కాల్షియం ప్రొపియొనేట్, 200 సోర్బిక్ ఆమ్లం, 202 పొటాషియం సోర్బేట్, 260 ఎసిటిక్ ఆమ్లం: వీటిలో జంతువు లేదు. చిక్కు వచ్చేది ‘నో ప్రిజర్వేటివ్స్’ అని ముందు వైపు పెద్దక్షరాలతో రాసిన బ్రెడ్డుల్లో. 282 తీసేసిన చోట బూజు ఆపడానికి కొందరు ‘కల్చర్డ్’ పదార్థాలు వేస్తారు. కల్చర్డ్ వీట్ అంటే గోధుమపిండిని పులియబెట్టింది, నడుస్తుంది. కల్చర్డ్ వే అంటే పన్నీరు, చీజ్ చేయగా మిగిలిన నీళ్లను పులియబెట్టింది, నడవదు. కల్చర్డ్ డెక్స్‌ట్రోజ్ అని ఉంటే కంపెనీని అడగాల్సిందే. రసాయనం వద్దనుకుని ఖరీదైన బ్రెడ్డుకు మారిన వీగన్ తెలియకుండా పాలలోకి వచ్చి పడేది ఇక్కడే.

ఇంప్రూవర్లలో (పిండి ముద్ద బాగా రావడానికి వేసేవాటిలో) 300 అంటే విటమిన్ సి, గ్లూకోజ్ నుంచి చేస్తారు. 1100 ఆల్ఫా అమైలేజ్ బూజు నుంచో బ్యాక్టీరియా నుంచో తీసే ఎంజైమ్. పిండిలో పది లక్షల వంతుల్లో కొలిచేంత తక్కువ వేస్తారు. 1102 గ్లూకోజ్ ఆక్సిడేజ్, 1101 ప్రోటియేజ్, 1104 లైపేజ్ బేకరీల్లో వాడేవి మామూలుగా సూక్ష్మజీవుల నుంచే వస్తాయి. లైపేజ్‌కు చెడ్డపేరు తెచ్చింది చీజ్ తయారీ, అక్కడ దూడల నుంచి తీసింది వాడే అలవాటుంది. గుడ్డు తెల్లసొన నుంచి తీసే 1105 లైసోజైమ్ కూడా చీజ్ సరుకే, బ్రెడ్డులో దాని పని లేదు. 170, 341, 516, 510 ఖనిజ లవణాలు. వీటిలో 170 సున్నపురాయి పొడి. 150 తో మొదలయ్యేవి మాడ్చిన చక్కెర రంగులు.

920, ఎల్-సిస్టీన్. అసలు అనుమానించాల్సిన నంబరు ఏదైనా ఉందంటే ఇదే. గ్లూటెన్‌లోని బంధాలను తెంచి పిండి ముద్దను సాగేలా చేస్తుంది. మెషీన్ మీద బర్గర్ బన్నులు, పిజ్జా బేస్‌లు పలుచగా పరిచేటప్పుడు మళ్లీ ముడుచుకోకుండా ఇది కాపాడుతుంది. అమెరికా నిబంధనల ప్రకారం 100 పాళ్ల పిండికి 0.009 పాళ్లు మించకూడదు. దీన్ని బాతు ఈకల నుంచి, పంది వెంట్రుకల నుంచి, మనిషి జుట్టు నుంచి కూడా తీశారు. యూరప్‌లో జుట్టు నుంచి తీసింది ఆహారంలో వాడటానికి వీల్లేదు, ఈకలది వాడొచ్చు. చక్కెరను పులియబెట్టి తీసేది కూడా ఇప్పుడు మార్కెట్లో ఉంది, అది వీగన్‌కు నడుస్తుంది. పచ్చ చుక్క ఉన్నా సరే, 920 కనిపిస్తే కంపెనీని అడగకుండా కొనొద్దని మా సలహా.

ఇంటర్నెట్ జాబితాల్లో భయపెట్టే 924ఎ, పొటాషియం బ్రోమేట్, మన దేశంలో 2016లోనే అనుమతి జాబితా నుంచి పోయింది. అయినా అది ఆరోగ్యం గొడవ, వీగన్ గొడవ కాదు. చక్కెరకు ఎముకల బొగ్గు వాడతారన్న మాట కూడా విదేశీ జాబితాల నుంచి వచ్చినదే. మన మిల్లుల్లో ఎక్కువ భాగం చెరకు రసాన్ని సున్నంతో, గంధకపు పొగతో శుద్ధి చేసేవి.

పాలు ఎన్ని పేర్లతో వస్తాయి

మిల్క్ సాలిడ్స్, స్కిమ్డ్ మిల్క్ పౌడర్, వే పౌడర్, లాక్టోజ్, కేసీన్, సోడియం కేసినేట్, బటర్ ఆయిల్, చీజ్ పౌడర్: ఇవన్నీ పాలే. వీటిలో సోడియం కేసినేట్ అడిటివ్‌లా వినిపిస్తుంది కాబట్టి ఎక్కువమంది దాటేస్తారు.

బ్రెడ్డులో పాలపొడి ఎందుకంటే, ఈస్ట్ లాక్టోజ్‌ను తినలేదు. ఆ చక్కెర చివరిదాకా మిగిలి, ఓవెన్‌లో పాల ప్రోటీన్లతో కలిసి పైపొరకు బంగారు రంగు తెస్తుంది. ముక్క మెత్తగా ఉంటుంది. పిండి బరువులో 2 నుంచి 4 శాతం వేస్తే చాలు. బాగా వేడిచేసి ఎండబెట్టిన పొడే వాడతారు, లేదంటే పాలలోని వే ప్రోటీన్లు గ్లూటెన్‌ను బలహీనపరిచి బ్రెడ్డు పొంగకుండా చతికిలపడుతుంది. సోయా పిండి, కాస్త ఎక్కువ చక్కెర, 471 కలిపితే దాదాపు ఇదే ఫలితం వస్తుంది, ఖర్చూ తక్కువే. చవక సాదా బ్రెడ్డు చాలాసార్లు వీగన్ అవడానికీ, ‘ప్రీమియం’ బ్రెడ్డు కాకపోవడానికీ కారణం ఇదే.

జాబితా చిన్న అక్షరాల్లో ఉంటే ముందు అలర్జీ వాక్యం చూడండి, అది విడిగా రాస్తారు. ‘కంటెయిన్స్ వీట్, సోయా, మిల్క్’ అంటే పాలు కలిపినట్టే. ‘మే కంటెయిన్ మిల్క్’ అంటే అదే లైన్‌లో పాల సరుకు కూడా తయారవుతోందని, కావాలని కలపలేదని. అలర్జీ ఉన్నవాళ్లు రెండింటినీ వదిలేయాలి. నైతిక కారణంతో వీగన్ అయినవాళ్లకు రెండోది నడుస్తుందనే చాలామంది ఒప్పుకుంటారు. ఈ వాక్యం తేనె గురించి మాత్రం ఏమీ చెప్పదు, ఆ జాబితాలో తేనె లేదు.

ఇంకో మెలిక ఉంది. బ్రెడ్డులో పడే మార్జరిన్ (వెన్న బదులు వాడే కొవ్వు), చాక్లెట్ చిప్స్ లాంటి మిశ్రమ పదార్థం 5 శాతం కంటే తక్కువైతే, దాని లోపలి పదార్థాలన్నీ రాయనక్కర్లేదు. పాలు అలర్జీ పదార్థం కాబట్టి బయటపడతాయి. మార్జరిన్‌లో విటమిన్ డి ఏ రకమో బయటపడదు. డి2 అయితే ఈస్ట్, పుట్టగొడుగుల దారిలో వచ్చేది. డి3 మామూలుగా గొర్రె ఉన్ని కొవ్వు నుంచి తీసేది. ప్యాకెట్ మీద విటమిన్ డి అని గొప్పగా చెప్పుకుంటే ఏ డి అని అడగాలి.

అరలో ఏ రకానికి ఎన్ని మార్కులు

సాదా తెల్ల శాండ్‌విచ్ బ్రెడ్డు, చవకది: మైదా, నీళ్లు, చక్కెర, ఈస్ట్, నూనె, ఉప్పు, గ్లూటెన్, సోయా పిండి, పైన చెప్పిన నంబర్లు. పాల మాట లేకపోతే వీగన్‌కు పదికి తొమ్మిది. తగ్గిన ఒకటి బ్రెడ్డు కాల్చే రేకుకు రాసే నూనె, ఎంజైమ్ క్యారియర్ లాంటి లేబుల్‌కెక్కని వాటికి.

బ్రౌన్ బ్రెడ్డు: వీగన్ లెక్కలో తెల్లదానితో సమానం, డబ్బు లెక్కలో కాస్త మోసం. జాబితాలో బరువు ఎక్కువ ఉన్నది ముందు రాస్తారు. మొదట మైదా, చివర్లో 150 ఉంటే ఆ గోధుమ రంగు చాలావరకు మాడ్చిన చక్కెరది.

హోల్ వీట్ బ్రెడ్డు చాలాసార్లు నడుస్తుంది, తేనె ఒక్కటి చూసుకోవాలి. మల్టీగ్రెయిన్‌లో తేనెతో పాటు పాలపొడి, వే ప్రోటీన్ కూడా వస్తుంటాయి. ‘హై ప్రోటీన్’ అని రాస్తే ఆ ప్రోటీన్ గ్లూటెన్‌దా, సోయాదా, వేదా అన్నది తిప్పి చూడకుండా బుట్టలో వేయకండి.

మిల్క్ బ్రెడ్డు పేరులోనే తేలిపోయింది. ఫ్రూట్ బ్రెడ్డు, ఫ్రూట్ బన్ను, తీపి బన్ను, రస్కులు: పాలపొడో వెన్నో ఉండే అవకాశం సగానికి పైనే అనుకుని మొదలుపెట్టండి. ఎర్రటి టూటీ ఫ్రూటీ రంగు పురుగుల నుంచి తీసే 120 అని భయపడేవాళ్లకు: పచ్చ చుక్క ఉంటే అది ఉండకూడదు. మామూలుగా అక్కడుండేది 122, 124, 127 లాంటి కృత్రిమ రంగు. ‘బటర్ ఫ్లేవర్’ కృత్రిమం అని రాసి ఉంటే వెన్న లేకపోవచ్చు, ‘నేచురల్’ అయితే అడగాలి.

పావ్, బర్గర్ బన్నుల్లో రెండు చోట్ల చూడాలి. ఒకటి 920. రెండోది పైన మెరుపు. అది నూనె, పిండి కలిపిన పూత కావచ్చు, పాలో వెన్నో కావచ్చు. గార్లిక్ బ్రెడ్‌కు వీగన్ అరలో చోటు లేదనే చెప్పాలి: వెన్న, చీజ్ పౌడర్, పైగా 631. పిజ్జా బేస్ మటుకు, 920 లేకపోతే, చాలాసార్లు నడుస్తుంది.

లేబుల్ లేని బేకరీ బ్రెడ్డు

పాతబస్తీ డబుల్ రొట్టె అయినా, కాకినాడ బజారులో కాగితంలో చుట్టి ఇచ్చే బన్ను అయినా చదవడానికి ఏమీ ఉండదు. ‘వీగనా?’ అని అడిగితే ‘ప్యూర్ వెజ్ సార్’ అంటారు. అలా కాదు, విడివిడిగా అడగాలి. పిండిలో పాలపొడి వేస్తారా? డాల్డానా, మార్జరినా, వెన్నా? రేకుకు ఏం రాస్తారు? కాల్చాక పైన ఏం పూస్తారు? వీలైతే ఇంప్రూవర్ బస్తా చూపించమనండి, దాని మీద పదార్థాలు అచ్చేసి ఉంటాయి. గుడ్డు కేకులు కాల్చే చోట రేకులు, బ్రష్‌లు ఒకటే అయ్యే అవకాశమే ఎక్కువ. బన్నుల మీద గుడ్డు పూత పూసే బేకరీలూ ఉన్నాయి.

విదేశాల్లో ఉన్నవాళ్లకు

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో లండన్‌లోనో ఉన్న తెలుగువాళ్లు పైన చెప్పిన ధైర్యాన్ని అలాగే పట్టుకెళ్లకూడదు. అక్కడ పచ్చ చుక్క లేదు కాబట్టి 471, 472ఇ, 481 నిజంగానే కొవ్వు ప్రశ్నలవుతాయి. అమెరికాలో నంబర్లు రాయరు, ‘మోనో అండ్ డైగ్లిజరైడ్స్’, ‘డేటెం’, ‘ఎల్-సిస్టీన్’, ‘ఎంజైమ్స్’ అని పేర్లే రాస్తారు. అక్కడ మంచి దగ్గరి దారి యూదుల కోషర్ ముద్ర. దాని పక్కన ‘పారెవ్’ అని ఉంటే పాలు, మాంసం రెండూ లేనట్టు. గుడ్డు, చేప, తేనె ఉండొచ్చు, వాటిని జాబితాలో చూసుకోవాలి. ముద్ర పక్కన ‘డి’ ఉంటే పాలు ఉన్నట్టు, లేదా పాల సరుకు చేసే యంత్రాల మీద తయారైనట్టు. బ్రిటన్‌లో అలర్జీ పదార్థాలను జాబితాలోనే ముద్దక్షరాల్లో వేస్తారు, నంబర్ల ముందు ‘ఇ’ ఉంటుంది, ‘సూటబుల్ ఫర్ వీగన్స్’ అని రాసిన బ్రెడ్డు తేలిగ్గా దొరుకుతుంది. అక్కడి మైదాలో చట్టం ప్రకారం కలిపే కాల్షియం కార్బోనేట్, ఇనుము, నియాసిన్, థయామిన్ చూసి అనుమానపడనక్కర్లేదు.

కంపెనీకి ఎలా రాయాలి

ప్యాకెట్ మీద ఉన్న కస్టమర్ కేర్ ఈమెయిల్‌కు బ్యాచ్ నంబరు, తయారీ చిరునామా, లైసెన్స్ నంబరుతో రాయండి. ముందూ వెనకా ఫొటోలు జత చేయండి. ‘మీ బ్రెడ్డు వీగనా?’ అన్న ఒక్క ప్రశ్నకు ‘మా ఉత్పత్తులు నూరు శాతం శాకాహారం’ అన్న తయారు జవాబు వస్తుంది. అది జవాబు కాదు. నాలుగు ముక్కలుగా అడగండి: 471, 472ఇ, 481 దేని నుంచి చేసినవి? ఎంజైముల క్యారియర్‌లో లాక్టోజ్ ఉందా? 920 ఉంటే అది పులియబెట్టి తీసిందా? రేకు నూనెలో, పైపూతలో పాలు, తేనెమైనం ఉన్నాయా? నాణ్యత విభాగం నుంచి పదార్థం పేరు పెట్టి జవాబు వస్తే నమ్మొచ్చు. ‘సరఫరాదారు వివరాలు గోప్యం’ అన్నారంటే ఆ బ్రెడ్డు వదిలేయండి, పక్క అరలో పాలులేని చవక బ్రెడ్డు ఎలాగూ ఉంటుంది. వచ్చిన జవాబు ఆ బ్యాచ్ రోజులకే చెల్లుతుంది. ప్యాకెట్ డిజైన్ మారినా, ‘న్యూ, సాఫ్టర్’ అని ముందు వైపు కనిపించినా జాబితా మళ్లీ మొదటి నుంచి చదవాలి. మెత్తదనం పెంచామంటే ఎక్కువసార్లు పెరిగింది 471 లేదా అమైలేజ్, కొన్నిసార్లు పాలపొడి.